మదార్‌బీ పాలు

సిద్దికా పెట్టె తీసి పాలకేంద్రం బల్ల మీద పెట్టేసరికి వరసలో ఉన్న ఆడవాళ్ళంతా మెడలు చాచి చూశారు. అరచేతిలో పట్టేంత నల్లటి పెట్టె. దానికొక వైరు, వైరు చివర క్లిప్పు, క్లిప్పులో అగ్గిపుల్ల కన్నా కాస్త వెడల్పుగా ఒక పట్టీ. పాలు పట్టీ మీద పడితే పెట్టె ఏమంటుందో ఫోను తెర మీద గీతగా కనపడుతుంది.

"ఇందుకేనా అమ్మాయ్ నువ్వు రోజూ పొద్దున్నే బస్సెక్కి పరిగెత్తేది?" అంది వెంకటరావమ్మ. "మా మనవడి రిమోటు కారు ఇంతకన్నా పెద్దది."

"అది పాలు చూడదుగా పిన్నీ," అంది సిద్దికా పట్టీ బిగిస్తూ.

అందరూ నవ్వారు. వరసలో వెంకటరావమ్మకు ముందు నిలబడ్డ మదార్‌బీ కూడా నవ్వింది. కోడలు అలా వెంటనే జవాబు చెబితే ఆమెకు ముచ్చట. పెళ్ళయ్యాక పీహెచ్‌డీ చేస్తానని సిద్దికా అడిగినప్పుడు కొడుకు అన్వర్ ఎటూ తేల్చలేక నసుగుతుంటే, "చదవనీరా, బర్రెల సంగతి నేను చూసుకుంటా" అని తేల్చింది ఆమే. ఆనాటి నుంచి వంట కోడలిది, పాడి అత్తది.

రంజాన్ పండగ వెళ్ళి కొన్నాళ్ళే అయినా ఎండలు అప్పుడే మండిపోతున్నాయి. ఈ ఎండల్లో పాలు విరిగిపోకుండా కొందరు హైడ్రోజన్ పెరాక్సైడ్ కలుపుతారు. పుండు మీద పోస్తే నురగ వచ్చే మందు అదే. నీళ్ళలా ఉంటుంది, కలిపితే కంటికి తెలియదు. అందరి పాలూ కలిపి వ్యాను దగ్గరే చూస్తే ఈ ఊరి పాలల్లో అది ఉందని డెయిరీ నుంచి ఆదెయ్యకు కబురొచ్చింది. ఇంకోసారి కనపడితే వ్యాను ఊళ్ళోకి రాదన్నారు. ఆదెయ్య పాలకేంద్రం కార్యదర్శి. ఎవరు కలుపుతున్నారో తెలియదు, ఎవరినీ అడగలేడు. అందుకే సిద్దికా వచ్చి, "బాబాయ్, నా పెట్టెతో చూస్తాను" అంటే వెంటనే ఒప్పుకున్నాడు.

సిద్దికాకూ ఇది అవసరమే. ఆమె పట్టీ మీద పరిచింది వెండి తీగలు, వెంట్రుకలో వెయ్యో వంతు సన్నటివి. పెరాక్సైడ్ ఆ వెండిని తాకితే చిన్న కరెంటు పుడుతుంది. మందు ఎంత ఎక్కువుంటే కరెంటు అంత పెరుగుతుంది, గీత అంత పైకి లేస్తుంది. గుంటూరు ల్యాబులో మందు కలిపిన నీళ్ళతో ఎన్నిసార్లు చేసినా గీత చక్కగా లేచింది. ఊళ్ళనుంచి తెచ్చిన పాలతో చేస్తే మాత్రం ఏమీ లేవలేదు. పచ్చిపాలలో ఉండే పదార్థాలే పెరాక్సైడ్‌ను కాసేపట్లో తినేస్తాయి. సీసా గుంటూరు చేరేలోపు సాక్ష్యం మాయమవుతుంది. "పాలు మన దగ్గరికి రావడం కాదు సిద్దికా, మనమే పాల దగ్గరికి వెళ్ళాలి," అంది ఆమె గైడు మాధురి మేడమ్. ఎవరి ఊరికో ఎందుకని సిద్దికా పెట్టెను తన ఊరికే తెచ్చింది.

మొదటి క్యాన్ల మీద గీత నేలబారుగా పాకింది. ప్రతిసారీ సిద్దికా "బాగుంది" అంటుంటే ఆదెయ్య ముఖం తేటపడుతోంది. మదార్‌బీ వంతు వచ్చింది. ఆమె క్యాను మూత తీసి, కొంగుతో అంచు తుడిచి, "మనవే కదాని వదిలెయ్యమాక, అందరికీ చూసినట్టే చూడు," అంది నలుగురికీ వినపడేలా.

సిద్దికా డ్రాపరుతో పాలు తీసి పట్టీ మీద వేసింది. గీత లేచింది.

పట్టీ చెడిందేమో అనుకుని కొత్తది పెట్టింది. గీత మళ్ళీ లేచింది, అదే ఎత్తుకు.

"ఏంటే, కొండలాగా లేచింది?" వెంకటరావమ్మ భుజం మీదుగా తొంగి చూసింది.

ఆదెయ్య ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు. "కొత్త మిషను కదా. అదేదో తప్పు చూపిస్తా ఉంటది. పోనీలే, పొయ్యి మదార్‌బీ."

అందరూ సిద్దికా వైపే చూస్తున్నారు. అవును బాబాయ్, ఒక్కోసారి అలా అవుతుంది అంటే సరిపోతుంది. అత్త పాలు పోసి ఇంటికి వెళ్ళిపోతుంది. ఆ మాట ఆమె నోటిదాకా వచ్చింది కూడా.

"మిషను తప్పు కాదు బాబాయ్," అంది సిద్దికా. "ఈ క్యాను పొయ్యొద్దు."

మదార్‌బీకి ముందు అర్థం కాలేదు. నవ్వుతూనే ఉంది. "ఏందే?"

"పాలల్లో పెరాక్సైడ్ ఉంది అత్తా."

"నేను కలిపానా?"

"కలిపావని అనలేదు. ఉందన్నాను."

"ఆ రెండిటికీ తేడా ఏందో నాకు తెలవదమ్మా. నేను చదువుకోలా." మదార్‌బీ క్యాను మూత బిగించింది.

"ఇంటి మనిషినే పట్టిందంటే మిషను మంచిదే," అంది వెంకటరావమ్మ వెనకనుంచి. ఎవరో కిసుక్కున నవ్వారు.

మదార్‌బీ క్యాను నడుముకు ఎత్తుకుని వెళ్ళిపోయింది. బయట వ్యాను హారను కొట్టింది. ఇంక టైము లేదని ఆదెయ్య మిగతా పాలన్నీ చూడకుండానే పోయించుకున్నాడు. "ఇవాళ్టికి చాల్లే అమ్మాయ్," అన్నాడు, ఆమె ముఖం చూడకుండా.

*

సిద్దికా ఇల్లు చేరేసరికి మదార్‌బీ ఆ పాలన్నీ పేడదిబ్బ మీద కుమ్మరించడానికి క్యాను ఎత్తింది. సిద్దికా పరుగెత్తుకెళ్ళి గ్లాసు అడ్డం పెట్టింది. ఒక గ్లాసు నిండింది, మిగతావి దిబ్బ మీద పడ్డాయి. మదార్‌బీ తలకు గుడ్డ చుట్టుకుని మిరప కల్లానికి వెళ్ళిపోయింది. ఇది తాలుకాయలు ఏరే కాలం. ఎండబెట్టిన కాయల్లోంచి తెల్లబారినవి ఏరి పక్కన వెయ్యడానికి ఊళ్ళో ఆడవాళ్ళంతా ఏదో ఒక కల్లంలో ఉంటారు. సాయంత్రానికి వాళ్ళ చేతులు ఎర్రగా మండిపోతుంటాయి.

అన్వర్ టిక్కీలు, అదే మిరపకాయల బస్తాలు, గుంటూరు యార్డుకు తోలే చిన్న ట్రక్కు నడుపుతాడు. ఆ పూట లోడు ఆలస్యమైంది. అమ్మ వాలకం చూసి జరిగింది అడిగి తెలుసుకున్నాడు.

"మిషను పాడైందని ఒక్క మాటంటే పోయేదిగా?"

"అంటే రేపు ఎవరి క్యాను మీద గీత లేచినా అదే మాటంటారు."

"మా అమ్మ కన్నా నీకు ఆ పెట్టె ఎక్కువా?"

"మీ అమ్మ ఏమీ కలపలేదు. అది నాకు తెలుసు. గీత లేచింది, అదీ నా కళ్ళతో చూశాను. రెండూ నిజమే." సిద్దికా గ్లాసులో పాలు చల్లారకుండానే పట్టీలు సర్దుకుంటోంది. "రెండూ ఎలా నిజమయ్యాయో తెలిసేదాకా నేను గుంటూరు వెళ్ళను."

"అట్లా అంటే అమ్మ మాట్లాడుద్దా?"

"మాట్లాడకపోయినా సరే."

పాలల్లోని పెరాక్సైడ్ నిమిషనిమిషానికీ తగ్గిపోతూ ఉంటుంది కాబట్టి ఆమెకు టైము లేదు. గీత లేవడానికి ఇంకేదైనా కారణమేమో చూడాలి. మొదట తట్టింది మిరపకాయ. అత్త చేతుల్లో కారం ఇమిడిపోయి ఉంటుంది. కారానికీ కరెంటు పుట్టించే గుణం ఉందని ఆమె చదివింది. ప్యాకెట్ పాలు గిన్నెలో పోసి, ఎండుమిరపకాయ ముక్క అందులో వేసి నలిపి చూసింది. గీత కదల్లేదు. ఆమె పట్టీ పనిచేసే వోల్టేజీ దగ్గర కారం మాట్లాడదు.

ఇక మిగిలింది ఒక్కటే, నిజంగా పెరాక్సైడా కాదా తేల్చడం. ల్యాబులో అయితే పెరాక్సైడ్‌ను విరగ్గొట్టే ఎంజైము సీసాలో ఉంటుంది. ఇంట్లో ఏముంది? కూరగాయల బుట్టలో బంగాళాదుంప ఉంది. పచ్చి బంగాళాదుంప రసంలో ఆ ఎంజైమే ఉంటుంది. దుంప తురిమి పిడికిట్లో పిండి, ఆ రసం చుక్క పాలల్లో కలిపింది. గీత రసానికి పడిపోతే పాలల్లో ఉన్నది పెరాక్సైడే. పడకపోతే ఇంకేదో.

ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమె తన పెట్టె తప్పు చెప్పాలని కోరుకుంది.

గీత పడిపోయింది. రసానికి బదులు అంతే నీళ్ళు కలిపి చూస్తే పెద్దగా పడలేదు. ఇంక అనుమానం లేదు.

"పడింది," అన్నాడు అన్వర్ వెనక నుంచి చూస్తూ. "అంటే మంచా చెడ్డా?"

"పెరాక్సైడే."

"అంటే అమ్మ..."

"ఆ మాట పూర్తి చెయ్యకండి."

అన్వర్ తాళాలు తీసుకుని ట్రక్కు దగ్గరికి వెళ్ళాడు.

సిద్దికా మాధురి మేడమ్‌కు ఫోను చేసింది. ఆమె అంతా విని, "మీ ఇంటి శాంపిల్ ఎలాగూ మన లెక్కలోకి రాకూడదమ్మా. దాన్ని వదిలేసి మిగతావి చూడు. వేరే ఊరు వెళ్ళు," అంది.

"వదిలేస్తాను మేడమ్. ఎందుకొచ్చిందో తెలుసుకుని వదిలేస్తాను."

"సిద్దికా, అది నీ థీసిస్‌కి అక్కర్లేదు."

"నాకు అక్కర ఉంది మేడమ్."

"పాలు పుట్టిన దగ్గరినుంచి క్యాను దాకా చూడు అయితే. మధ్యలో ఒక్క మెట్టు కూడా దాటెయ్యొద్దు," అని మేడమ్ ఫోను పెట్టేసింది.

సాయంత్రం మదార్‌బీ కల్లం నుంచి వచ్చి, చేతులకు ఆముదం రాసుకుని, సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుంది. మండే చేతులతో పొదుగు ముట్టుకుంటే గేదె తన్నుతుంది. పాలు తానే పితికి, కేంద్రానికి తీసుకెళ్ళకుండా పొయ్యి మీద పెట్టి మజ్జిగకు తోడేసింది. సిద్దికా వడ్డించిన అన్నం తింది. కూరలో ఉప్పు తక్కువైనా అనలేదు. రోజూ ఆ మాట అనకుండా ఉండని మనిషి.

కంచం కడిగేటప్పుడు సిద్దికా పక్కకు వెళ్ళి నిలబడింది. "అత్తా, రేపు పొద్దున పాలు పితికేటప్పుడు నేను నీతో ఉంటా."

"కాపలానా?"

"అవును. నీకు కాదు, పాలకి."

మదార్‌బీ కంచం బోర్లించి లోపలికి వెళ్ళిపోయింది. సిద్దికా అక్కడే నిలబడి ఉంటే, కాసేపటికి గదిలోంచి మాట వినపడింది. "వచ్చేదానివి ఆ సెంటు కొట్టుకుని రామాక. బర్రె చేపదు, పాలియ్యదు."

*

తెల్లవారకముందే ఇద్దరూ గేదెల కొష్టంలో ఉన్నారు. దూడను విడిచి, అది రెండు గుక్కలు తాగాక మదార్‌బీ పక్కకు లాగి కట్టింది. సిద్దికా తన స్టీలు గ్లాసు పొదుగు కిందికి జాపింది.

"ఇందులో ఒక ధార."

మదార్‌బీ ధార తీసింది. గీత నేలబారుగా ఉంది.

"ఇప్పుడు నీ చేతులు మళ్ళీ పొదుగుకి తగిలించి, ఇంకో ధార."

"తగలకుండా ఎట్లా పితుకుతారే?" అంది మదార్‌బీ విసుగ్గా. కానీ తీసింది. గీత లేవలేదు.

బకెట్లో నీళ్ళు పోసి తొలిపి, ఆ నీళ్ళు చూసింది. ఏమీ లేదు. బకెట్లో పాలు చూసింది. ఏమీ లేదు. పితకడం అయిపోయింది, పాలు నురగతో బకెట్ సగానికి పైగా వచ్చాయి. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఇంక క్యాను ఒక్కటే మిగిలింది. క్యాను తొలిపిన నీళ్ళు కూడా బాగానే ఉన్నాయి.

మదార్‌బీ గోడవారన ఉన్న ప్లాస్టిక్ మగ్గులోంచి తడిగుడ్డ తీసింది. గట్టిగా పిండి, దులిపి, క్యాను మూతికి కట్టి, దాని మీదుగా పాలు వడకట్టింది. రోజూ చేసేటంత మామూలుగా చేసింది. సిద్దికా కూడా రోజూ చూసేటంత మామూలుగా చూసింది. డ్రాపరు క్యానులో ముంచి పట్టీ మీద వేసింది.

గీత కొండలా లేచింది.

ఇద్దరూ ఫోను వైపు చూసి, తర్వాత గుడ్డ వైపు చూశారు.

"మగ్గులో నీళ్ళేంటి అత్తా?"

"మరకల పొడి. నీ తెల్లకోటుకి తెచ్చుకున్నావుగా, అదే. ఒక చెంచా వేస్తా."

"పాలగుడ్డకా?"

"మరేం చెయ్యను?" మదార్‌బీ గొంతు లేచింది. "కల్లం చేతులు. ఎంత కడిగినా గుడ్డకి ఎరుపు అంటుద్ది. పోయినేడు వెంకటరావమ్మ అన్నది గుర్తులా? మదార్‌బీ గుడ్డ చూడండే, ఈమె పాలు పోస్తే పప్పులోకి కారం ఎయ్యక్కర్లా అని, అందరి ముందూ? అప్పట్నించీ నా గుడ్డ మల్లెపువ్వల్లే ఉండాలనుకున్నా. ఆ పొడి వేస్తే మరక అనేది ఉండదు. చూడు ఎంత తెల్లగుందో."

నిజంగానే తెల్లగా ఉంది.

సిద్దికా లేచి స్నానాలగది గూట్లోంచి పొడి ప్యాకెట్టు తెచ్చింది. వెండి ద్రావణం పడి కోటు మీద నల్లమచ్చలు అయితే తాను గుంటూరులో కొన్నది. అవి పోలేదు, ప్యాకెట్టు అలాగే గూట్లో పెట్టేసింది. వెనకవైపు చీమల బారులాంటి అక్షరాలు ఫోను వెలుగులో చదివింది. సోడియం పెర్కార్బొనేట్. నీళ్ళలో పడగానే అది విడిపోయి చాకలిసోడా, హైడ్రోజన్ పెరాక్సైడ్ అవుతుంది. డిగ్రీ పిల్లలకు కూడా తెలుసు ఆ సంగతి.

ఆమె కొష్టంలోనే గడ్డి మోపు మీద కూలబడింది.

"ఏందే? విషమా?" మదార్‌బీ కంగారుపడింది.

"కాదు అత్తా. పుండు కడిగే మందే. నీళ్ళలో వేస్తే ఈ పొడి ఆ మందే అవుద్ది."

"ఈ పొడా?"

"ఈ పొడే."

"నువ్వు తెచ్చిందేగా!"

"నేను తెచ్చిందే."

"ఎన్నేళ్ళుగా వెతుకుతున్నావే దానికోసం?" అంది మదార్‌బీ. "మన గూట్లో ఉంచుకుని గుంటూరు పోయి వెతికావా?"

సిద్దికాకు నవ్వాగలేదు. మదార్‌బీ కూడా నవ్వింది, నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. "అయితే నా పాలల్లో నేనే కలిపా."

"నువ్వు కలపలేదు అత్తా. గుడ్డలోంచి వచ్చింది. పిండాక రెండుసార్లు జాడిస్తే ఏమీ ఉండేది కాదు."

"జాడిచ్చే నీళ్ళేవి? పంపు రోజు మార్చి రోజు. బర్రెలకి తాపడానికే చాలవు. గట్టిగా పిండితే చాలనుకున్నా." ఆమె మగ్గు వైపు చూస్తూ కూర్చుంది. "ఊరంతా తాగారు నా చేత్తో."

"ఎవరికీ ఏమీ కాదు. కొంచెమే."

"కొంచెమో గొప్పో. వాళ్ళు పాలనుకుని కదా తాగింది."

సిద్దికా లేచి పొయ్యి ముట్టించి, బట్టల పెట్టెలోంచి కొత్త మల్లుగుడ్డ తీసి మరుగుతున్న నీళ్ళలో వేసింది. ఈలోగా మదార్‌బీ వడకట్టిన పాలు దూడల తొట్టికి దూరంగా పారబోసి, క్యాను వేడినీళ్ళతో కడిగి, రెండో గేదె దగ్గరకు చెంబు తీసుకుని వెళ్ళింది. ఈసారి సిద్దికా అడక్కుండానే మొదటి ధార గ్లాసులోకి తీసి ఇచ్చింది. కొత్త గుడ్డతో వడకట్టిన పాల మీద గీత పాకింది, లేవలేదు.

అన్వర్ పళ్ళు తోముకుంటూ వచ్చి అంతా విన్నాడు. "ఇంకేం. మిషను సరిచేశామని చెబుదాం. గుడ్డ సంగతి ఎందుకు ఊళ్ళో?"

"అత్త ఏం చెప్పమంటే అది చెబుతా," అంది సిద్దికా. "మిషను తప్పని మాత్రం చెప్పను."

ఇద్దరూ మదార్‌బీ వైపు తిరిగారు. ఆమె తలగుడ్డ బిగించుకుంటోంది. "నువ్వు టిక్కీలు తోలుకోరా అన్వరూ," అంది. "పాల సంగతి నీకెందుకు." క్యాను ఒక చేత్తో, మగ్గు ఇంకో చేత్తో పట్టుకుని ముందు నడిచింది.

*

పాలకేంద్రం దగ్గర వరస అప్పటికే పెద్దదైంది. మదార్‌బీని చూసి మాటలు ఆగిపోయాయి.

"ఇవాళ కాపలా పెట్టుకుని వచ్చావా వదినా?" అంది వెంకటరావమ్మ.

మదార్‌బీ ఆమె పక్కనుంచి ముందుకు వెళ్ళి క్యాను బల్ల దగ్గర దించింది. "సిద్దికా, చూడు."

సిద్దికా చూసింది. అందరూ ముందుకు వంగారు. గీత నేలబారుగా పాకుతూ ఉంది. ఆదెయ్య ఊపిరి వదిలాడు. "నేను చెప్పలా? నిన్న మిషనే ఏదో..."

"ఆగు ఆదెయ్యా." మదార్‌బీ వరస వైపు తిరిగింది. "నిన్న మిషను తప్పు కాదు. నా పాలల్లో ఆ మందు ఉంది."

వరస కదల్లేదు. వెనకెక్కడో ఒక క్యాను మూత చప్పుడైంది, అంతే. మదార్‌బీ కల్లం చేతుల సంగతి, గుడ్డకు అంటిన ఎరుపు సంగతి, పొడి సంగతి చెప్పింది. గొంతు తడబడలేదు, పెద్దగా కూడా లేదు. ఇంట్లో బియ్యం అయిపోయాయని చెప్పినట్టు చెప్పింది.

"బాగానే ఉంది," అంది వెంకటరావమ్మ. "తప్పు మనిషిది కాదు, గుడ్డది. రాత్రంతా కూర్చుని కోడలు కట్టిన కథా ఇది?"

మదార్‌బీ వాదించలేదు. తన క్యానులోంచి ఒక చెంబు పాలు ముంచింది. మగ్గులోంచి గుడ్డ తీసి, రోజూ పిండినట్టే గట్టిగా పిండి, ఖాళీ గిన్నె మీద పరిచి, చెంబులో పాలు దాని మీదుగా పోసింది. "ఇప్పుడు చూడు అమ్మాయ్. అందరికీ కనపడేట్టు పెట్టు ఆ ఫోను."

గీత లేవడం ఈసారి అందరూ చూశారు.

"పాలు అవే," అంది మదార్‌బీ. "బర్రె అదే. చేతులూ అవే. గుడ్డ ఒక్కటే మారింది." గిన్నెలో పాలు తీసుకెళ్ళి కాలవలో పోసి తిరిగి వచ్చింది. "కల్లానికి పోయే వాళ్ళందరికీ ఈ గుడ్డ గోలే కదా. నా గుడ్డ తెల్లగుందని అడిగితే మీలో ఎంతమందికి ఆ పొడి కాగితంలో పొట్లం కట్టి ఇచ్చానో నాకు గుర్తే."

వరసలో ఒకావిడ పక్కావిడ ముఖం చూసింది. ఇంకొకావిడ క్యాను నెమ్మదిగా కాళ్ళ వెనక్కి జరుపుకుంది. వెంకటరావమ్మ చెయ్యి తన క్యాను మూత మీద ఉంది. అది తియ్యలేదు.

"తరవాత వంతు నాదే కదా," అంది చివరికి, ఎవరితోనూ కాదన్నట్టు. "పొద్దెక్కుతోంది, నేను పోతా ఆదెయ్యా. ఇవాళ ఇంట్లో చుట్టాలు, పాలు కావాలి."

"మొన్న పండక్కి ముందు తీసుకెళ్ళావుగా వదినా పొట్లం," అంది మదార్‌బీ.

"నేను వాడనే లేదు."

"వాడకపోతే మంచిదే. మూత తియ్యి."

వెంకటరావమ్మ మూత తీసింది. సిద్దికా కొత్త పట్టీ పెట్టింది. మదార్‌బీది లేచినంత ఎత్తుకు కాదు కానీ, గీత లేచింది. దాచడానికి లేదు, ఫోను అందరి వైపుకే ఉంది.

ఎవరూ నవ్వలేదు. అందరూ మదార్‌బీ వైపు చూశారు. నిన్న తనకు తగిలిన మాట ఆమె ఇప్పుడు తిప్పి కొడుతుందని అందరికీ తెలుసు. సిద్దికాకూ అలాగే అనిపించింది. కొట్టినా తప్పులేదనుకుంది కూడా. వెంకటరావమ్మ తల పక్కకు తిప్పుకుని నిలబడింది, చెంపలు ఎర్రబడ్డాయి.

ఆదెయ్య పెన్ను తీశాడు. "వెంకటరావమ్మ క్యాను కల్తీ..."

"ఆమె ఏమీ కలపలా," అంది మదార్‌బీ. "అట్లా రాయమాక. గుడ్డ జాడిచ్చలేదని రాసుకో, రాయాలనుంటే. నాదీ అట్లాగే రాసుకో, నిన్నటి తారీకు వేసి."

ఆదెయ్య పెన్ను అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

"ఇవి పారబొయ్యి వదినా," అంది మదార్‌బీ వెంకటరావమ్మతో. "ఎవరికీ పొయ్యమాక, చుట్టాలకి కూడా. గుడ్డ నీళ్ళలో వేసి మరగబెట్టు. ఎర్రగుంటే ఎర్రగానే ఉండనీ. సాయంత్రం పాలు తీసుకుని నా ఇంటికి రా, నా కోడలు చూస్తది. ఇద్దరం కలిసి వద్దాం ఇక్కడికి."

"మీ ఇంటికి రావాలా?" అంది వెంకటరావమ్మ గొణుగుతూ.

"రాకపోతే నేనే వస్తా మీ ఇంటికి. పెట్టె తీసుకుని."

వెంకటరావమ్మ క్యాను ఎత్తుకుని రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "ఎంతసేపు మరగబెట్టాలే సిద్దికా?"

"పొంగు వచ్చాక కాసేపు ఉంచు పిన్నీ. తరవాత ఎండలో వెయ్యి."

దూరంగా రోడ్డు మలుపులో వ్యాను హారను వినపడింది. "ఇంక వదిలెయ్యండమ్మా, రేపు చూద్దాం," అన్నాడు ఆదెయ్య వాచీ చూసుకుంటూ. "వాడు ఆగడు."

"ఆగుతాడు," అంది మదార్‌బీ. "నువ్వు బయటికి పోయి ఆపు. ఇవాళ ఒక్క క్యాను కూడా చూడకుండా పొయ్యటానికి లేదు." ఆమె బల్ల అవతలికి వచ్చి కోడలి పక్కన నిలబడి, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుంది. వరసలో ముందున్న ఆవిడ ఇంకా వెనకాడుతుంటే, చెయ్యి చాచి ఆమె క్యాను తనే ముందుకు లాక్కుంది.

"మూతలు తీసి పెట్టుకోండే," అంది అందరితో. "సిద్దికా, పట్టీ మార్చు."